ఇంజను పీల్చు గాలిని కొలుచు విధానములు

కృష్ణా డెల్టా రైతునకు కొలత క్రొత్త విషయము కాదు. 1855లో ఆనకట్ట పూర్తియైన కాలమునను, దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను, బందరు, ఏలూరు, రైవస్ కాలువల నీటిని మట్టము చూచియే పొలములకు విడుచుచున్నారు. ఎంత నీరు వచ్చినదో తెలియనిదే ఎంత పొలము తడియునో చెప్పజాలము. మోటారు ఇంజను విషయమునను ఇదే న్యాయము. ఎంత గాలి లోనికి వచ్చినదో తెలియనిదే ఎంత పెట్రోలు చిమ్మవలెనో నిర్ణయించుట సాధ్యము కాదు.

ఈ విషయము పంచాయతీ సభ్యులకేల యని కొందరు అడుగవచ్చును. నేడు ప్రతి గ్రామమునందును మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు, బడి పిల్లల వాహనములు గలవు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోనికి వచ్చుటతో క్రొత్త ద్విచక్ర వాహనములలో సయితము కార్బురేటరు దాదాపు మాయమైనది. పూర్వము ఊరి మెకానిక్కు చెవితో విని, స్క్రూడ్రైవరుతో సరిచేసెడివాడు. ఇప్పుడు ఇంజనులోని చిన్న కంప్యూటరు గాలిని కొలిచి, ఇంజెక్టరు ద్వారా పెట్రోలును చిమ్మించుచున్నది. బండి మొరాయించినచో "సెన్సారు పోయినది" అను మాట వినబడును. వేల రూపాయలు వ్యయమగును. పెక్కు పర్యాయములు లోపము అక్కడ ఉండదు. ఆ వ్యయమును తప్పించుకొనుటకు కొలత విధానములను తెలిసికొనుట అవసరము.

మొదట లెక్క చూతము. ఒక కిలో పెట్రోలు చక్కగా మండుటకు 14.7 కిలోల గాలి కావలెను. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో ప్రాంతము; కనుక దానికి సుమారు 11 కిలోల గాలి, అనగా తొమ్మిది వేల లీటర్లకు పైబడిన గాలి అవసరము. పెట్రోలు హెచ్చినచో నల్లని పొగ వచ్చును, ప్లగ్గు మసిబారును, ధనము వృథా యగును. తగ్గినచో ఇంజను వేడెక్కును, లాగుడు తగ్గును.

ఇచ్చట ఒక చిక్కు గలదు. విజయవాడలో మే మాసపు 44 డిగ్రీల ఎండలో లీటరు గాలి, ధనుర్మాసపు 18 డిగ్రీల ఉదయపు లీటరు గాలికంటె నూటికి ఎనిమిది వంతులు తేలిక. కావున గాలి ఎన్ని లీటర్లని కాక, ఎంత బరువని తెలియవలెను. ఇందుకు మూడు విధానములు ముఖ్యమైనవి.

మొదటిది తలుపు విధానము. గాలి వచ్చు దారిలో స్ప్రింగు గల చిన్న తలుపు నుంచుదురు. తూము తలుపును నీరు నెట్టునట్లు గాలి దానిని నెట్టును. ఎంత తెరచుకొన్నదో దానినిబట్టి గాలి పరిమాణము తెలియును. 1970వ దశాబ్దమున జర్మనీ దేశపు బాష్ సంస్థ దీనిని వ్యాప్తిలోనికి తెచ్చినది. తలుపే గాలికి అడ్డమగుటయు, పరిమాణమే గాని బరువు తెలియకపోవుటయు ఇందలి లోపములు. ఇప్పటి క్రొత్త కార్లలో ఇది కానరాదు.

రెండవది ఒత్తిడి విధానము. దీనిని మన లస్కరు కొలబద్దపై నీటిమట్టము చూచుటతో పోల్చవచ్చును. లస్కరు పారుచున్న నీటిని పట్టి తూచడు. మట్టమును చూచి లెక్క కట్టును. అట్లే మ్యాప్ సెన్సారు ఇంజను మానిఫోల్డులోని గాలి ఒత్తిడిని మాత్రమే చూచును. గాలి వేడి, ఇంజను తిరుగు వేగము కలిపి కంప్యూటరు బరువును గణించును. ఒక లీటరు పరిమాణము గల ఇంజను రెండు చుట్లకు ఒక లీటరు పీల్చును. నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో 1500 లీటర్లు. లోపలి ఒత్తిడి బయటిదానిలో సగమైనచో అది సుమారు 750 లీటర్ల బయటి గాలికి సమానము. సిలిండరు పూర్తిగా నిండదు గనుక ఎంత నిండునో తెలుపు పట్టికను తయారీదారులు ముందే కంప్యూటరునకు ఇచ్చియుందురు. 1967లో వోక్స్‌వాగన్ కారునకు బాష్ సంస్థ అమర్చిన పద్ధతి ఈ జాతిదే. ఖర్చు తక్కువ గనుక చిన్న కార్లలోను మోటారు సైకిళ్ళలోను ఇదియే విస్తారము.

మూడవది వేడి తీగ విధానము. వేడి పాలపై ఊదినచో చల్లారును. ఎంత గట్టిగా ఊదిన అంత త్వరగా చల్లారును. మాఫ్ సెన్సారులోని సన్నని తీగను, లేక పలుచని రేకును, విద్యుత్తు వేడిగా నుంచును. గాలి దానిని చల్లార్చుచుండగా, వేడి నిలుపుటకు ఎంత విద్యుత్తు కావలసినదో దానినిబట్టి గాలి బరువు నేరుగా తెలియును. డీజిలు కార్లలో కూడ ఇది కలదు. అచ్చట ముఖ్యముగా పొగను అదుపు చేయుటకును, పొగ గాలిని కొంత తిరిగి ఇంజనులోనికి పంపుటకును ఉపయోగపడును.

వీనిలో ఏది మేలు? వేడి తీగ బరువును నేరుగా చెప్పును. ఇంజను అరిగినను దాని కొలత మారదు. కాని దుమ్మును, నూనె మరకను అది సహింపదు. వేసవి కరకట్ట దుమ్ము, నూర్పిళ్ళ కాలపు గడ్డి నుసి దానికి శత్రువులు. మురికి పట్టినచో తక్కువ చూపును, బండి లాగదు. ఒత్తిడి సెన్సారు దుమ్మునకు అంతగా లొంగదు. కాని పట్టికపై ఆధారపడును గనుక, ఇంజను అరిగినచో లెక్క తప్పును.

గొట్టమునకు గండి పడినపుడు ఈ భేదము స్పష్టమగును. కొలబద్దకు దిగువన ప్రక్క మురుగు కాలువ నుండి కలిసిన నీరు లెక్కకు రాదు గదా! అట్లే మాఫ్ సెన్సారు దాటిన తరువాత పగులు గుండ చొరబడిన గాలి లెక్కకు రాదు. పెట్రోలు చాలక ఇంజను తడబడును. ఒత్తిడి విధానమున ఆ గాలి కూడ లెక్కకు వచ్చును. పెట్రోలు హెచ్చి, ఇంజను ఊరక నిలిచినపుడు సయితము వేగముగా తిరుగును. రెండింటను లోపము రబ్బరు గొట్టముదే, సెన్సారుది కాదు.

కావున మరమ్మతునకు ముందు మూడు సంగతులు అడుగవలెను. బండిలో ఉన్నది ఏ విధానము? స్కానరు చూపిన సంఖ్య యెంత? గొట్టములు, ఎయిర్ ఫిల్టరు చూచినారా? పి 0100 నుండి 0104 వరకు గల సంఖ్యలు మాఫ్‌నకు, 0105 నుండి 0109 వరకు గలవి మ్యాప్‌నకు చెందినవి. సంఖ్య వచ్చినంత మాత్రమున భాగము చెడినదని కాదు. తీగయో గొట్టమో ఊడియుండవచ్చును. మన డెల్టా సముద్రమట్టమునకు చేరువ గనుక, తాళము త్రిప్పి ఇంజను ప్రారంభింపక మునుపు మ్యాప్ అంకె సుమారు 100 కిలోపాస్కళ్ళు ఉండవలెను. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు కార్లలో సాధారణముగా 30, 40 ప్రాంతమునకు దిగును. మాఫ్ అంకె వేగముతోపాటు పెరుగవలెను. తీగను గుడ్డతో తుడువరాదు. దానికై చేసిన స్ప్రేతోనే శుభ్రపరచవలెను.

2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మొదలగు పేటలు మునిగినపుడు అనేక వాహనములు నీట నిలిచినవి. అట్టి బండిని తొందరపడి ప్రారంభింపరాదు. గాలి దారిలోని నీరు సిలిండరులోనికి పోయినచో ఇంజనే విరుగును. ఫిల్టరు మార్చి, గాలి దారిని ఆరబెట్టిన తరువాతనే తాళము త్రిప్పవలెను.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నిపుణులకు కొదువ లేదు. అయినను ప్రతి చిన్న లోపమునకు గ్రామస్థుడు అంత దూరము పోవలసిన పని లేకుండుట మేలు. కార్బురేటరు పని నేర్చిన ఊరి మెకానిక్కునకు స్కానరు వాడుక తెలిసినచో అతని జీవనము నిలుచును, ఊరి సొమ్ము ఊరిలో నుండును. ప్రభుత్వ ఐ.టి.ఐ.లలో మోటారు వాహన మెకానిక్ కోర్సు కలదు. పదవ తరగతి ముగించిన బాలబాలికలను అందు చేర్పించుటకు సభ్యులు పూనుకొందురు గాక. కొలిచి నీరు విడుచుట మన పెద్దలు నేర్పిన పాఠము. కొలిచి చూచిన తరువాతనే భాగము మార్చుట మనము నేర్వవలసిన పాఠము.