చిగుళ్ళకు మేలు చేసే పానీయాలు, ఆహారం

యానాం ప్రాంతంలోని దరియాలతిప్ప గౌతమీ గోదావరి తీరగ్రామం. ఆ చేరువనే ఉన్న కోరంగి ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు. ఆ రేవు పేరుమీదనే బర్మాకు వలస వెళ్ళిన తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఊరు మారితే తినేదీ తాగేదీ మారుతాయి. ఆ మార్పు ప్రభావం చిగుళ్ళపైనా పడుతుంది.

పూర్వం దూర సముద్రయానాలలో నావికులకు నెలల తరబడి తాజా కూరలు, పండ్లు దొరికేవి కావు. వారి చిగుళ్ళు వాచి, నెత్తురు కారి, పళ్ళు ఊడిపోయేవి. 1747లో బ్రిటిష్ నౌకావైద్యుడు జేమ్స్ లిండ్ 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క పదార్థమిచ్చి పరీక్షించాడు. నారింజ, నిమ్మ పండ్లు తిన్న ఇద్దరూ అందరికన్నా త్వరగా కోలుకున్నారు. చిగుళ్ళ కణజాలానికి బలమిచ్చే కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి అవసరమని తరువాతి కాలంలో తేలింది.

ఆ విటమిన్ కోసం ఖరీదైన పండ్లే అక్కరలేదు. పెద్దవారికి రోజుకు సుమారు 80 మిల్లీగ్రాములు చాలు. 100 గ్రాముల జామపండులో దాదాపు 200 ఉంటాయి. ఉసిరిలోనూ సమృద్ధిగా ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే ఇది నశిస్తుంది.

నేడు నగరాలలో చిగుళ్ళ జబ్బుకు ప్రధాన కారణం పళ్ళ మొదళ్ళలో పేరుకొనే పాచి. తీపి టీ, శీతల పానీయాలలోని చక్కెర ఆ పాచిలోని సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. 300 మిల్లీలీటర్ల శీతల పానీయంలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పనివేళల్లో దానికి బదులు మంచినీరు, పలుచని మజ్జిగ, చక్కెర కలపని చోడి అంబలి మేలు. నిమ్మరసం తాగినవారు నోరు పుక్కిలించి, అరగంట ఆగి పళ్ళు తోముకోవాలి. పులుపు తగిలిన పంటి పైపొర అప్పటికి మెత్తబడి ఉంటుంది.

ఆహారం పాచిని తొలగించదు. రోజుకు రెండుసార్లు తోమడం తప్పనిసరి. నెత్తురు వస్తోందని భయపడి కొందరు ఆ చోట తోమడం మానేస్తారు. దానితో పాచి మరింత పెరుగుతుంది. తొలిదశలో వాపు పూర్తిగా తగ్గించుకోవచ్చు. పంటిని పట్టి ఉంచే ఎముక అరిగితే తిరిగి పూర్వస్థితికి రావడం కష్టం. పొగాకు నెత్తురు కారడాన్ని కప్పిపుచ్చి జబ్బును దాచివేస్తుంది. మధుమేహం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. రెండు వారాలు దాటినా నెత్తురు ఆగకపోతే, నొప్పి లేకపోయినా దంతవైద్యుని సంప్రదించాలి.