అప్పు మారిస్తే లాభమేనా?

కోరుట్లలో ఒకే వీధిలో రెండు కుటుంబాలు ఉన్నాయనుకుందాం. ఇంటి పెద్దలిద్దరూ దుబాయి పోవడానికి తలా 2 లక్షల రూపాయలు అప్పు తెచ్చారు. ఇంటి కాగితాలు షావుకారు దగ్గర కుదువ పెట్టారు. రెండు ఇళ్లవాళ్లూ నెలనెలా సరిగ్గా 6,000 రూపాయలు కడుతున్నారు. ఒక్క నెల కూడా తప్పలేదు. అలా 41 నెలలు గడిచాయి. రెండో ఇంటివాళ్లకు ఇప్పుడు బాకీ లేదు. మొదటి ఇంటివాళ్ల బాకీ మాత్రం 2 లక్షలు అలాగే ఉంది! దొంగలెక్క ఎవరూ రాయలేదు. మరి ఇదెలా జరిగింది?

షావుకారు మిత్తి నూటికి మూడు రూపాయలు. అంటే వంద రూపాయలకు నెలకు మూడు. 2 లక్షలకు నెల మిత్తి ఎంత? సరిగ్గా 6,000. కట్టిన డబ్బంతా మిత్తికే చెల్లిపోయింది. అసలు ఒక్క పైసా తగ్గలేదు. నలభై ఒక్క నెలలు కాదు, నాలుగు వందల నెలలు కట్టినా తగ్గదు.

రెండో ఇంటి అమ్మ మొదట్లోనే ఒక పని చేసింది. మహిళా పొదుపు సంఘం ద్వారా బ్యాంకు నుంచి నూటికి రూపాయి మిత్తికి 2 లక్షలు తీసుకొని, షావుకారు బాకీ ఒక్కసారే తీర్చేసింది. ఆమె కట్టిన మొదటి 6,000లో మిత్తి 2,000 పోగా 4,000 అసలుకు చేరింది. రెండో నెల అప్పు 1,96,000 మాత్రమే కాబట్టి మిత్తి 1,960. అసలుకు 4,040. ఇలా నెలనెలా మిత్తి తగ్గుతూ, అసలుకు చేరేది పెరుగుతూ పోయింది. మీరూ కాగితం, పెన్సిలు తీసుకొని ఐదారు నెలలు వేసి చూడండి. మిగతాది మీకే అర్థమవుతుంది.

ఎక్కువ మిత్తి అప్పును తక్కువ మిత్తి అప్పుతో తీర్చడాన్ని బ్యాంకులవాళ్లు రీఫైనాన్సు అంటారు. పేరు కొత్తదేగాని పని పాతదే.

ఇక్కడ ఒక చిన్న సంగతి. మన ఊళ్లలో మిత్తి నెలకు చెబుతారు, బ్యాంకుల్లో ఏడాదికి చెబుతారు. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాలకు ‘పావలా వడ్డీ’ పథకం తెచ్చింది. పావలా అంటే 25 పైసలు. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 3 శాతం. రెండు అప్పులను పోల్చేముందు రెండింటినీ ఒకే కొలతలోకి మార్చుకోవాలి. గజాలను మీటర్లతో నేరుగా పోల్చం కదా!

బ్యాంకు ఇచ్చే ఇంటి అప్పులో మిత్తి తేడాలు ఇంత పెద్దవి ఉండవు. ఒక శాతం, అర శాతం ఉంటాయి. కాని కాలం పెద్దది. జగిత్యాలలో ఒక ఉద్యోగి ఇల్లు కట్టుకోవడానికి ఏడాదికి 9.5 శాతం మిత్తిపై 20 ఏళ్లకు 10 లక్షలు తీసుకున్నాడనుకుందాం. నెల కిస్తు 9,321 రూపాయలు. (ఈ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందంటారా? పదో తరగతిలో చదివే గుణశ్రేఢిని ఎప్పటికీ పనికిరాని పాఠమని కొందరు అనుకుంటారు. దాని మొత్తం కనుక్కునే సూత్రంతోనే ప్రతి బ్యాంకూ కిస్తు కడుతుంది.) మొదటి నెల మిత్తి 7,917. అసలుకు చేరేది 1,404 మాత్రమే!

ఐదేళ్లు గడిచాయి. ఆయన కట్టింది దాదాపు 5,59,000. అప్పు ఎంత తగ్గి ఉంటుందో ముందు ఊహించండి. సగం అనుకున్నారా? లేదు. ఇంకా 8,92,654 రూపాయలు ఉంది. చాలామంది పెద్దలు కూడా ఈ లెక్క చూసి బ్యాంకువాళ్లు మోసం చేశారనుకుంటారు. మోసం కాదు. అప్పు పెద్దదిగా ఉన్న రోజుల్లో మిత్తి కూడా పెద్దదే, అంతే.

ఈలోగా మిత్తి రేట్లు ఒకచోట నిలిచి ఉండవు. రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు ఇచ్చే అప్పుపై తీసుకునే మిత్తిని రెపో రేటు అంటారు. అది 2020 మే నెలలో 4 శాతానికి దిగింది. 2022 మే నుంచి పెరుగుతూ 2023 ఫిబ్రవరిలో 6.50 అయింది. 2025 ఫిబ్రవరి నుంచి మళ్లీ తగ్గుతూ జూన్‌లో 5.50కి వచ్చింది. బ్యాంకులు కొత్తగా ఇచ్చే, రేటు మారుతూ ఉండే ఇంటి అప్పులను ఇలాంటి బయటి రేటుకు ముడిపెట్టాలని 2019 అక్టోబరు నుంచి నియమం ఉంది. అంతకు ముందు తీసుకున్న అప్పు పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉండవచ్చు. పైగా రెపో మీద బ్యాంకు కలుపుకొనే వాటా పాత ఖాతాదారుకు ఒకలా, కొత్తవారికి ఒకలా ఉండవచ్చు. అందుకే పక్కింటివాళ్లకు తక్కువ మిత్తి, మనకు ఎక్కువ మిత్తి కనిపిస్తుంది.

మన జగిత్యాల ఉద్యోగికి వేరే బ్యాంకు 8.5 శాతానికి ఇస్తానంది. మిగిలింది 15 ఏళ్లే. ఆ 15 ఏళ్లకే మార్చుకుంటే కిస్తు 8,790 అవుతుంది. నెలకు 531 మిగులు. మొత్తం మీద దాదాపు 95,600.

అయితే కొత్త బ్యాంకు ఇంకో మాట కూడా అంటుంది: “మళ్లీ 20 ఏళ్లకు రాసుకోండి, కిస్తు 7,747కే వస్తుంది.” నెలకు 1,574 తగ్గుతుందంటే ఎవరికి చేదు? ఇప్పుడు గుణించండి. 7,747ను 240తో గుణిస్తే 18,59,280. పాత బ్యాంకులోనే ఉంటే కట్టాల్సింది 9,321 చొప్పున 180 నెలలు, అంటే 16,77,780. మిత్తి శాతం తగ్గింది, కిస్తు తగ్గింది, కట్టే డబ్బు మాత్రం 1,81,500 పెరిగింది!

మూడో దారి ఉంది. మిత్తి తగ్గినా కిస్తు తగ్గించుకోకుండా పాత 9,321 కడుతూ పోవడం. అప్పుడు 180 నెలల అప్పు 161 నెలల్లో తీరుతుంది. మిగిలేది దాదాపు 1,80,000. శక్తి ఉన్నవారికి నా దృష్టిలో ఇదే మంచి దారి.

శక్తి లేనివారి సంగతి వేరు. సిరిసిల్లలో మరమగ్గం మీద పనిచేసే కుటుంబానికి నూలు వస్తేనే పని, పని ఉంటేనే కూలి. అలాంటివారు చిన్న కిస్తు కోరుకుంటే తెలివితక్కువ అనకూడదు. కిస్తులు తప్పి ఇల్లే పోయే ప్రమాదం కన్నా కొంత మిత్తి ఎక్కువ కట్టడం నయం. మగ్గం బాగా ఆడిన నెలల్లో అదనంగా కట్టి అప్పు తగ్గించుకోవచ్చు. మిత్తి రేటు మారుతూ ఉండే ఇంటి అప్పును వ్యక్తులు ముందుగా తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లోనే ఆదేశించింది. అప్పును వేరే బ్యాంకుకు మార్చుకునేవారికీ అదే రక్ష.

జరిమానా లేకపోయినా ఖర్చులు లేకపోలేదు. దరఖాస్తు రుసుము, వకీలు చేసే కాగితాల పరిశీలన, ఇంటి విలువ కట్టడం, స్టాంపు ఖర్చు ఉంటాయి. అన్నీ కలిపి 15,000 అయ్యాయనుకోండి. నెలకు 531 మిగులుతుంటే ఆ ఖర్చు రావడానికి 29వ నెల పడుతుంది. ఆ తరువాతిదే అసలు లాభం. అదే ఉద్యోగి చివరి మూడేళ్లలో మారాలనుకుంటే? అప్పటికి మిగిలే అప్పు సుమారు 2,91,000. ఒక శాతం తగ్గినా మొత్తం మిగులు 4,900 దాటదు. 15,000 ఖర్చుపెట్టి 4,900 సంపాదించడం ఎవరూ చేయరు. కాబట్టి అప్పు మార్పు మొదటి సంవత్సరాల పని.

ఇక ఎలా మార్చాలి? ముందు ఉన్న బ్యాంకుకే వెళ్లి, “మీరు కొత్తవారికి ఇచ్చే రేటు మాకూ ఇస్తారా?” అని అడగాలి. చాలాసార్లు చిన్న రుసుముతో ఇస్తారు. వకీలు, స్టాంపు ఖర్చులు తప్పుతాయి. ఒప్పుకోకపోతే అప్పు ఎంత మిగిలిందో తెలిపే పత్రం తీసుకొని కొత్త బ్యాంకుకు వెళ్లాలి. కొత్త బ్యాంకు పాత బాకీ తీర్చాక ఇంటి దస్తావేజులు బయటికి రావాలి. ఇదే ఆలస్యమయ్యే ఘట్టం. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో కాగితాలు తిరిగి ఇవ్వాలని, బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అది అమలులో ఉంది.

ఇప్పుడు మీకొక లెక్క. ఒక ఇంట్లో 4 లక్షల అప్పు, 5 ఏళ్ల గడువు మిగిలి ఉన్నాయి. 10 శాతం మిత్తికి కిస్తు 8,499. వేరే బ్యాంకులో 9 శాతానికి 8,303. మారడానికి ఖర్చు 12,000. మారాలా, వద్దా? అదే 9 శాతాన్ని పాత బ్యాంకే 3,000 రుసుముతో ఇస్తానంటే ఎన్నో నెలలో ఆ రుసుము తిరిగి వస్తుంది?