పరుగుకీ పతకమే, కథకీ పతకమే



పటాన్‌చెరు హైవే మీద వెళ్లేటప్పుడు మన పిల్లలు ఇక్రిశాట్ బోర్డు చూస్తూనే ఉంటారు. 1972లో మొదలైన ఈ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటలపై పరిశోధన చేస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశ రాజధాని నియామే దగ్గర కూడా దీనికి ఒక కేంద్రం ఉంది. మనం రొట్టె చేసుకునే సజ్జలే అక్కడివాళ్లకూ ముఖ్యమైన తిండి. ఈ నెల పాఠం ఆ నియామే నుంచే మొదలవుతుంది.

ఏమిటీ క్రీడలు?

1970 మార్చి 20న ఫ్రెంచ్ వాడుకలో ఉన్న దేశాలు నియామేలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. నేటి ఫ్రాంకఫోనీ సంస్థకు పునాది అదే. ఆ దేశాల యువత కోసం ఆటల పోటీలు పెట్టాలని 1987లో కెనడాలోని క్యుబెక్ నగరంలో నిర్ణయించారు. మొదటి పోటీలు 1989లో మొరాకోలో జరిగాయి. 2005లో నియామేకే ఆ అవకాశం వచ్చింది. తొమ్మిదో పోటీలు 2023లో కాంగో రాజధాని కిన్షాసాలో జరిగాయి.

ఒలింపిక్స్‌కీ వీటికీ తేడా ఏమిటి?

ఇక్కడ అథ్లెటిక్స్, ఫుట్‌బాల్, జూడో, కుస్తీ, టేబుల్ టెన్నిస్‌తో పాటు పాట, నాట్యం, చిత్రలేఖనం, శిల్పం, ఫొటోగ్రఫీ, సాహిత్యం, కథ చెప్పడం కూడా పోటీ అంశాలే. కుస్తీలో గెలిచినవారికిచ్చే బంగారు పతకమే కథ చెప్పి గెలిచినవారికీ ఇస్తారు. కళ ఇక్కడ ప్రారంభోత్సవంలో చప్పట్ల కోసం పెట్టే కార్యక్రమం కాదు, దేశం తరఫున ఆడే ఆట.

మన తెలుగువాళ్లకేం సంబంధం?

ఈ పోటీలకు జట్టును పంపే దేశాల్లో మారిషస్ ఒకటి. 19వ శతాబ్దంలో మన తీరం నుంచి కూలి పనికి ఓడలెక్కి వెళ్లినవారి వారసులు అక్కడ ఉన్నారు. బయట క్రియోల్, ఫ్రెంచ్ మాట్లాడినా ఉగాదిని వదల్లేదు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా మారిషస్‌లో జరిగాయి. కాకినాడ దగ్గరి యానాం సంగతి మీకు తెలిసిందే. 1954 వరకు అది ఫ్రెంచ్ పాలనలోనే ఉండేది.

మనం ఆలోచించాల్సింది

ఇంటర్‌లో మార్కులు బాగా వస్తాయని చాలామంది రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకుంటారు. పరీక్ష అయ్యాక ఆ పుస్తకం మళ్లీ తెరవరు. ఎనిమిదో తరగతికి రాగానే డ్రాయింగ్, డాన్స్, కబడ్డీ కూడా అలాగే ఆగిపోతాయి. "టెన్త్ అయ్యాక చూద్దాంలే" అంటాం. టెన్త్ అయ్యాక ఇంటర్, ఆ తర్వాత ఎంట్రన్స్. చూసే రోజు మాత్రం రాదు.

బొమ్మ వేస్తే సీటు వస్తుందని ఎవరూ చెప్పలేరు. షిఫ్టులు చేసి ఫీజు కడుతున్న తల్లిదండ్రులకు భయం ఉండటం సహజమే. చదువు తగ్గించమని మేమూ అనం. వారంలో రెండు గంటలు పిల్లలకు ఇష్టమైనదానికి వదిలేయమని మాత్రమే అడుగుతున్నాం.

ఈ ఆదివారం ఇంట్లో చేయండి

1. ప్రపంచ పటంలో నియామే, మారిషస్, కిన్షాసా, యానాం గుర్తించమనండి.
2. ఇంట్లో చిన్న పోటీ పెట్టండి: ఒక పరుగు, ఒక బొమ్మ, ఒక కథ. మూడింటికీ ఒకే బహుమతి ఉండాలి.
3. కథ తెలుగులోనే చెప్పమనండి. నాయనమ్మో అమ్మమ్మో జడ్జిగా కూర్చుంటే ఇంకా బాగుంటుంది.
4. చివరగా ఒక ప్రశ్న అడగండి: "కథకీ పరుగుకీ ఒకే పతకం ఇవ్వడం న్యాయమేనా?"

పిల్లలు చెప్పిన జవాబును డైరీలో రాసి పంపండి. తరగతిలో చదివి వినిపిస్తాం.