మ్యూజియం అంటే పాత రాళ్ళేనా?

మ్యూజియం అనగానే మనలో చాలామందికి హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియంలోని గడియారం గుర్తుకొస్తుంది. గంట కొట్టే బొమ్మ ఎప్పుడు బయటికొస్తుందా అని జనం కాచుకొని కూర్చోవడం, అది కొట్టి లోపలికి పోగానే లేచి రావడం మనం చూసిందే. మా తాత తరం వాళ్ళు మ్యూజియాన్ని "అజాయబ్ ఘర్" అనేవారు. అంటే వింతల ఇల్లు. వింత చూడటానికి ఒక్కసారి పోతే చాలు గదా, రెండోసారి ఎందుకు పోవాలి? ఈ ప్రశ్నే నాచేత ఈ వ్యాసం రాయించింది. నేను చరిత్ర విద్యార్థిని కాను. బి.యస్సీ. చదువుతున్నవాణ్ణి, కొత్తకోట దగ్గర ఎవుసం చేసుకొనే ఇంటివాణ్ణి. కాబట్టి రాజుల వంశావళులు నా నుండి ఆశించవద్దని మనవి.

పాలమూరు పట్నానికి నాలుగు కిలోమీటర్ల దూరాన పిల్లలమర్రి వుంది. ఆ మర్రిచెట్టు వయస్సు ఏడువందల ఏండ్లంటారు. మూడెకరాలు పరుచుకొని వుంది. 2017 డిసెంబరులో చెదలు పట్టిన పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. 2018లో అధికారులు సెలైను సీసాలు వేలాడదీసి, చెట్టుకు చుక్క చుక్కగా క్లోరోపైరిఫాస్ ఎక్కించారు. మన రైతులకు ఆ మందు కొత్తదేం కాదు. పేపరులో ఆ ఫోటో చూసి మా నాయన, "మనిషికి గూడ ఇంత సేవ దొరకదు బిడ్డా" అన్నాడు. సరే, ఆ చెట్టు పక్కనే 1970లలో వెలసిన జిల్లా పురావస్తు ప్రదర్శనశాల వుంది. చెట్టును చూడ వచ్చిన పదిమందిలో మ్యూజియం గడప తొక్కేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. తొక్కినవాళ్ళు గూడ అయిదు నిమిషాల్లో, "అన్నీ పాత రాళ్ళే" అంటూ బయట పడతారు.

ఆ పాత రాళ్ళు అక్కడికి ఎట్లా వచ్చాయో తెలిస్తే అంత తొందరగా బయటికి రాబుద్ధి కాదు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1980లలో జలాశయం నిండింది. కృష్ణ, తుంగభద్రల ఒడ్డున ఇటు పాలమూరు జిల్లాలో, అటు కర్నూలు జిల్లాలో ఎన్నో ఊళ్ళు నీళ్ళ పాలైనాయి. ఊళ్ళతోపాటు చాళుక్యుల నాటి గుళ్ళు, తరువాతి కాలపు గుళ్ళు మునిగే పరిస్థితి వచ్చింది. అప్పుడు పురావస్తు శాఖల వారు పెద్ద పని తలకెత్తుకొన్నారు. రెండు నదులు కలిసే చోటనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, ఆలంపురం తెచ్చి మళ్ళీ కట్టారు. పాపనాశి గుళ్ళు, సోమశిల గుళ్ళు, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, ఇవన్నీ ఇట్లా గట్టుకెక్కినవే. పిల్లలమర్రి మ్యూజియం దగ్గర కనపడే రాజరాజేశ్వరాలయం గూడ ఈర్లదిన్నె నుండి వచ్చింది.

ఇట్లా గుడిని విప్పి కట్టడంలో కిటుకు ఎక్కడుందో గమనించండి. రాయి విప్పకముందే దాని మీద నంబరు వేస్తారు. ఏ వరుస, ఏ గోడ, ఏ మూల అనేది పటంలో గీసుకొంటారు. నంబరు చెరిగిపోతే ఆ రాయి ఎంత అందమైనదైనా గుడిలోకి తిరిగి పోలేదు. మన కెమిస్ట్రీ ల్యాబులో సీసా మీది చీటీ ఊడిపోతే ఏం చేస్తాం? లోపల ఎంత ఖరీదైన మందున్నా పారబోస్తాం. మ్యూజియంలోని వస్తువుకు గూడ ఇదే సూత్రం. ఫలానా ఊరు, ఫలానా చెలక, ఎవరికి ఎప్పుడు దొరికింది, పక్కన ఇంకేముంది అనే సంగతి రిజిస్టరులో వుంటేనే అది చరిత్రకు ఆధారం. లేకుంటే ఒట్టి రాయి. మ్యూజియానికి అద్దాల బీరువాల కన్నా రిజిస్టరే ముఖ్యమని నా అభిప్రాయం.

మరి ఆ రిజిస్టరు నింపే జ్ఞానం ఎవరి దగ్గరుంది? ఊళ్ళో వుంది. గుట్ట పేరు, మడి పేరు, వీరగల్లుకు ఏ ఇంటివాళ్ళు కొబ్బరికాయ కొడతారు అనే సంగతి హైదరాబాదు నుండి వచ్చిన ఆఫీసరుకు ఎట్లా తెలుస్తుంది? వీరగల్లు అంటే యుద్ధంలోనో, పసుల మంద కాపాడబోయో చచ్చిన వీరుని పేర నిలిపిన రాయి. సాధారణంగా కింది అంతస్తులో పోరాటం, నడుమ అప్సరసలు వీరుణ్ణి పైకి తీసుకపోవడం, పైన శివలింగం ముందు అతడు కూర్చొనడం చెక్కి వుంటాయి. అక్షరం రానివానికి గూడ అర్థమయ్యే బొమ్మల కథ అది. అటువంటివి మన ఊళ్ళల్లో చింతచెట్ల కింద, చెరువుకట్టల మీద ఎన్నో పడివున్నాయి. కొన్నిటి మీద గొడ్డళ్ళు నూరుతున్నారు గూడ.

ఊరి మనిషి తలచుకొంటే ఏమౌతుందో చెప్పడానికి ఆలంపురమే సాక్షి. అక్కడి మ్యూజియం 1952 నాటిది. ఆ ఊరికే చెందిన గడియారం రామకృష్ణశర్మ గారు (1919-2006) తన క్షేత్రం గూర్చి, శాసనాల గూర్చి జీవితమంతా పాటుపడ్డారు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఆలంపురంలో జరగడంలో ఆయన చెయ్యి పెద్దది. ఆ సభలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. అంత చిన్న ఊరికి అంతటివారు రావడం ఆ రోజుల్లో మాటలు కాదు. శర్మగారి ఆత్మకథ "శతపత్రము"కు ఆయన పోయిన తరువాత కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన దగ్గర గుళ్ళు చూసిపోయే యాత్రికులు లక్షల్లో వున్నారు గాని, ఊరును చదివిన ఇటువంటివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది.

ఇక్కడ రైతుబిడ్డగా ఒక చేదు మాట చెప్పక తప్పదు. దున్నుతుంటే నాగలికి శిల్పమో, కుండలో నాణేలో తగిలితే రైతు ఏం చేస్తాడు? మట్టి కప్పేస్తాడు. లేదా రాత్రికి రాత్రి బావిలో వేస్తాడు. ఎందుకంటే "సర్కారోళ్ళకు తెలిస్తే భూమి పోతది" అన్న భయం. మా బంధువుల చెలకలో ఒక చెక్కిన రాయి తేలితే ఇంటిల్లిపాదికి పదిరోజులు నిద్ర లేదు. మూఢనమ్మకమని నవ్వి వూరుకొంటే సరిపోదు, చట్టం ఏమంటుందో చూడాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. పది రూపాయల లెక్క నాటిది, నేటికి నవ్వొస్తుంది. కాని ఆ చట్టంలోనే దొరికినవానికీ, భూమి యజమానికీ హక్కు గూర్చి రాసి వుంది, దాచితేనే శిక్ష. ఇక వంద మీటర్ల లోపల కట్టడాలు కట్టరాదన్న 2010 నాటి నిబంధన కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన వాటికే గాని, చెలకలో తేలిన ప్రతి రాయికీ కాదు. ఈ నాలుగు మాటలు ఊళ్ళోకి పోయి చెప్పేవాడు లేకనే సగం చరిత్ర బావుల్లో వుంది. మిగతా సగానికి గుప్తనిధుల పిచ్చోళ్ళు గడ్డపారలు పట్టుకొని తిరుగుతున్నారు. నంది కడుపులో బంగారముంటుందని పగులగొట్టినవాళ్ళకు ఎక్కడైనా రాతిముక్కలే దొరికి వుంటాయి.

ఇంగ్లండులో ఈ చిక్కును ఎట్లా విప్పారో తెలుసుకోవడం మనకు మేలు. అక్కడ 1997లో ఒక పథకం మొదలుపెట్టారు. జిల్లాల్లోని చిన్న మ్యూజియాల్లో ఒక అధికారి వుంటాడు. పొలంలో నాణెమో, గుండీయో, విరిగిన కత్తో దొరికినవాడు తెచ్చి చూపిస్తాడు. అధికారి దాన్ని ఫోటో తీసి, దొరికిన చోటు రాసుకొని, మామూలు వస్తువైతే తిరిగి అతనికే ఇచ్చేస్తాడు. వస్తువు ఇంటికి పోయినా సమాచారం మ్యూజియంలో నిలుస్తుంది. ఇట్లా పదిహేను లక్షలకు పైగా వస్తువులు రాతకెక్కాయి. లాక్కుపోయే చేతికి ఎవరూ చూపరు, రాసుకొనే చేతికే చూపుతారు. మన చట్టం వేరే, మన వ్యవహారం వేరే. అయినా వాళ్ళు జనం నమ్మకం ఎట్లా సంపాదించుకొన్నారో నేర్చుకోదగింది.

మన దగ్గర గూడ ఆశ పుట్టించే సంగతి ఒకటుంది. నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, నది ఒడ్డున ముడుమాల అనే ఊరుంది. అక్కడ మనిషికి రెండింతలు ఎత్తున్న నిలువురాళ్ళు పొలాల నడుమ వరుసగా నిలబడి వున్నాయి. శాపం తగిలి మనుషులే రాళ్ళైనారని ఊరి కథ. పండితులు వేల ఏండ్ల నాటి బృహత్ శిలాయుగపు నిర్మాణమంటారు. ఒక బండ మీద చిన్న గుంటలు చెక్కి వున్నాయి; అవి ఆకాశంలోని సప్తర్షి మండలాన్ని పోలి వున్నాయి. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో ముడుమాల చేరింది. సాగుకు అడ్డమని కొన్ని రాళ్ళు పోయిన మాట నిజమే. మిగిలినవి ఎందుకు మిగిలాయంటే, నా వరకు సమాధానం ఆ శాపం కథలోనే వుంది. పురావస్తు శాఖ పుట్టకముందు నుంచి ఆ రాళ్ళకు కాపలా కాసింది ఆ కథే గదా!

ఇక మన కొత్తకోట వైపుకు వద్దాం. శంకరమ్మపేట దగ్గరి సరళాసాగర్ మీలో కొందరు పిక్నిక్‌కు పోయి చూసే వుంటారు. వనపర్తి రాజా రామేశ్వరరావు హయాంలో 1949లో పని మొదలై, 1959లో పూర్తయిన ప్రాజెక్టు అది. దానికి షట్టర్లు ఎత్తే మనిషి అక్కరలేదు. సైఫన్లున్నాయి. నీటిమట్టం హద్దు దాటగానే నీళ్ళు వంపు గొట్టంలోకి పారుతూ లోపలి గాలిని ఈడ్చుకపోతాయి; గాలి పోయినచోట పీడనం తగ్గి, బయటి వాతావరణ పీడనం నీటిని నిండుగొట్టంగా నెడుతుంది. మట్టం దిగగానే గాలి లోపలికి చొరబడి ధార తెగిపోతుంది. ఫిజిక్సు పుస్తకంలో పావుపేజీ పాఠం, అక్కడ కండ్లముందు గర్జిస్తుంది. 2019 డిసెంబరు 31న కట్ట తెగి, చెరువంతా ఖాళీ అయింది. తరువాత మళ్ళీ కట్టారు. ఇది గూడ మ్యూజియం వస్తువే, కాకపోతే ఇంకా పనిచేస్తున్న వస్తువు. దాని కట్ట మీద మట్టి మోసినవాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులో వున్నాయి?

మన మ్యూజియాల్లో నాకు కనపడే పెద్ద వెలితి ఇదే. పాలమూరు లేబరు అంటే దేశమంతటికీ తెలుసు. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టల పనులకు గుంపు మేస్త్రీ వెంట లారీలెక్కి పోయినవాళ్ళు మనవాళ్ళే. వాళ్ళ తట్ట, పార, గడ్డపార, మేస్త్రీ రాసుకొన్న అడ్వాన్సు పుస్తకం ఒక్కటైనా అద్దం వెనుక కనపడాలి గదా! చాళుక్యుల శిల్పానికి ఇచ్చిన గౌరవంలో పదోవంతు మోటబావి తోలుబొక్కెనకు, కొత్తకోట నేతగాళ్ళ గుంటమగ్గానికి ఇవ్వలేమా? శ్రీశైలం ముంపులో గుడి రాళ్ళకు నంబర్లు పడ్డాయి. ఇండ్లకు, కచేరి కట్టలకు, బొడ్రాయికి ఎవరు వేశారు? ముంపు బాధితులకు ఉద్యోగాల కోసం 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ కాగితాలు పట్టుకొని ఏండ్లకేండ్లు తిరిగిన కుటుంబాలున్నాయి. ఆ అర్జీలు గూడ చరిత్రే. ఊరు మునిగిన నాడు ఇరవై ఏండ్ల వయస్సున్న మనిషికి ఇప్పుడు అరవై దాటింది. ఆ మనిషి పోతే ఊరు రెండోసారి మునుగుతుంది.

2016లోను, 2019లోను పాత జిల్లా చీలి, ముడుమాల ఒక జిల్లా, ఆలంపురం ఒక జిల్లా, కొత్తకోట ఒక జిల్లా అయిపోయాయి. పిల్లలమర్రి మ్యూజియం లెక్కకు ఇప్పుడు మా "పక్క జిల్లా"ది. కాబట్టి ప్రతిదానికీ ఒక భవనం, ఒక బోర్డు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దని నా సలహా. గద్వాల కోటలో కాలేజీ నడుస్తున్నది, వనపర్తి రాజుల భవనంలో పాలిటెక్నిక్ నడుస్తున్నది. పాత గోడల నడుమ చదువుకొనే భాగ్యం మన ప్రాంతానికి ముందే వుంది. ఎన్.ఎస్.ఎస్. క్యాంపు ఏడురోజుల్లో రోడ్లు ఊడ్చేది ఒక పూట తగ్గించి, ఊరి రిజిస్టరు రాయడానికి ఒక పూట ఇస్తే చాలు. మన విద్యార్థి సంఘం ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం నాడో, మే 18 మ్యూజియం దినం నాడో ఆ రిజిస్టర్లను తీసుకొనిపోయి పురావస్తు శాఖవారికి ఒక నకలు ఇవ్వవచ్చు. మే నెలలో సెలవులంటారేమో, అట్లయితే నవంబరు 19 నుండి 25 దాకా వారసత్వ వారోత్సవం వుండనే వుంది.

పని చేసే పద్ధతి చెబుతాను. రాయి కనపడితే కదిలించవద్దు. సున్నం, పెయింటు, యాసిడు తగిలించవద్దు. ఆకులు, మట్టి మెత్తని బ్రష్షుతో, ఒట్టి నీళ్ళతో తీయాలి. శాసనమైతే నడిమధ్యాహ్నం ఫోటో పనికిరాదు, అక్షరాలు కనపడవు. పొద్దున గాని, పొద్దుగూకే వేళ గాని ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయాలి, లేదా చీకటి పడ్డాక పక్కనుండి టార్చి వేసి తీయాలి. అక్షరపు గుంటలో నీడ పడుతుంది, రాత లేచి నిలబడుతుంది. పక్కన ఒక స్కేలు పెట్టడం మరువవద్దు. తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి అచ్చు తీసే పని శాఖవారికి వదిలేయాలి. ముసలివాళ్ళ మాటలు సెల్‌ఫోనులో రికార్డు చేసేటప్పుడు ముందుగా అడిగి ఒప్పుకొంటేనే చేయాలి. వద్దన్న సంగతి రాయకూడదు. "అవ్వా, మీ పాత ఊళ్ళె మీ ఇంటి పక్క ఎవరుండిరి?" అని మొదలుపెడితే చాలు, ఊరి పటం మొత్తం ఆమె నోటనే గీస్తుంది. రిజిస్టరులో ఇన్ని గడులు చాలు: వరుస నంబరు, తేదీ, ఊరు, చోటుకు ఊరివాళ్ళు పిలిచే పేరు, వస్తువు, కొలతలు, చెప్పినవారు, రాసినవారు. "చెప్పినవారు" అన్న గడి మాత్రం కొంచెం వెడల్పుగా గీయండి.