విగ్రహం వెంట పోయే కాయితం

బిడ్డా,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలు చదివిన. వీర్నపల్లి అడవి, అమాస రాత్రి, గుడిలకెల్లి మాయమైన విగ్రహం... చెయ్యి బాగనే తిరిగింది. కని దొంగ ఎవడో దాచిపెట్టడానికే అంత తంటాలెందుకు? ఈ దందాల తవ్వేటోనికి, మోసేటోనికి దక్కేది చిల్లరే. అసలు నేరం బల్ల ముందు కూసొని పెన్నుతో చేస్తరు.

చందవరం సంగతే చూడు. ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధస్తూపం. అక్కడి మూడో శతాబ్దపు సున్నపురాతి పలక, బుద్ధుణ్ని కొలుస్తున్న భక్తుల శిల్పం, 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. అమ్మింది న్యూయార్క్ వ్యాపారి నాన్సీ వీనర్. ధర 5,95,000 డాలర్లు. రాయితోపాటు ఒక కథ కూడ అమ్మిండ్రు: 1960లలోనే ఒకాయన దాన్ని దేశం బయట కొన్నడట! ఆ ఏండ్లే ఎందుకు? మన పురావస్తువుల చట్టం వచ్చింది 1972ల. అంతకుముందే దేశం దాటిందంటే కొనేటోనికి నిమ్మళం. చిక్కేందంటే, చందవరంల తవ్వకాలు జరిగింది 1970లలో. చివరికి అది మన దేశంల ఉన్నప్పటి ఫొటో బయటపడ్డది. 2016ల పలక వాపసొచ్చింది. వీనర్ 2021ల కోర్టుల నేరం ఒప్పుకున్నది.

అంటే కేసు తేల్చింది ఒక పాత ఫొటో. నీ ఇన్‌స్పెక్టరు పనిల సగం తీసి ఫైళ్లు సదిరే గుమాస్తాకు ఇయ్యి. మరి నీ నవలల విగ్రహానికి ఫొటో ఉన్నదా? ఏ రిజిస్టర్ల అన్న ఎక్కిందా? లేకపోతే రేపు లండన్ వేలంల కనబడ్డా, ఇది మాదని ఊరోళ్లు ఏం చూపిస్తరు? కథ ముడి అక్కడ వెయ్యి.

రెండో కథకు జగిత్యాల దిక్కు కోటిలింగాల పో. అక్కడ దొరికిన నాణేల మీద సిముకుని పేరున్నది, అంతకుముందటి గోబద, నారన పేర్లూ ఉన్నయి. శాతవాహనుల మొదలు తెలంగాణలనే అని వాదించేటోళ్లకు అవే పెద్ద ఆసరా. అవే నాణేలు ఏ ఊరియో చెప్పకుండ పట్నంల అమ్ముడుపోతే? లోహం మిగులుతది, చరిత్ర పోతది. విగ్రహం పోయినదానికన్న ఇది పెద్ద దొంగతనమని నాకనిపిస్తది, కని దీని మీద ఎవరూ నవల రాయరు.

లంకెబిందె దొరికిన రైతును పెట్టాలనుకుంటే 1878 నాటి గుప్తనిధుల చట్టం చదువు. దొరికిన సొత్తు పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలె. చెప్తె ఏమైతదో అని రైతు భయం, చెప్పకుంటే కొంటనని వచ్చేటోని ఆశ. ఈ రెంటి నడుమ ఒక రాత్రి రాయి, మొదటి అధ్యాయంల అమాస కంటె చిక్కగుంటది.

ఆ ఇన్‌స్పెక్టరు మీసాల మీద రెండు పేజీలు రాసినవు. తీసెయ్.

మీ తాత