కింద అర్కు బట్టీ, పైన కాపురం: చేయవలసినవి, చేయకూడనివి

చార్మినార్ చుట్టుపక్కల గులాబీ అర్కు, సోంపు అర్కు, అత్తరు కొనేవారికి సీసా ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక దినుసు కాచే రాగి దేగ్, దాని మూతి నుంచి వంగి దిగే నాళం, ఆవిరి చల్లబడి అర్కు చుక్కలుగా రాలే భబ్కా ఉంటాయి. దినుసు రాత్రి నానబెట్టి, పొద్దున సన్నటి సెగ మీద బట్టీ పెట్టడం యునానీ వైద్యంలో పాత పద్ధతి. పాతబస్తీలో చిన్న ఎత్తున ఈ పని మొదలుపెట్టాలనుకునే వారికోసం ఈ సూచనలు.

2025 మే 18న, ఆదివారం పొద్దున్నే, గుల్జార్‌హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. బయటపడడానికి ఉన్నది ఒకే ఒక్క ఇరుకు దారి. అంతకు ముందు, 2023 నవంబరులో, నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద నిలవ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పై అంతస్తుల్లోని కుటుంబాలు బలైపోయాయి. ఈ రెండూ బట్టీ ప్రమాదాలు కావు. కానీ బట్టీ పెట్టేవారు ముందుగా తెలుసుకోవలసినవి ఇవే. ఎందుకంటే మన పేటల్లో పని కింద జరుగుతుంది, పిల్లలు పైన నిద్రపోతుంటారు.

జాగా

పైవాళ్లు దిగే మెట్ల కింద గానీ, ఆ మెట్లకు ఎదురుగా గానీ బట్టీ పెట్టకండి. ఇంకో దారి లేని ఇల్లయితే ఆ ఇంట్లో ఈ పని వద్దు. అద్దె తక్కువని, సొంత ఇల్లని సర్దుకోవద్దు. మెట్ల మీద ఖాళీ డబ్బాలు, పూల గోతాలు పేర్చకండి. కిటికీ గ్రిల్లుకు తాళం ఉంటే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. కట్టెలు, బొగ్గు వాడేవారు తలుపులు మూసుకుని పని చేయకూడదు. బొగ్గు సెగలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మనిషి మత్తుగా ఉందనుకుంటూనే పడిపోతాడు.

ఆవిరి

ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు అడుగుతుంది. ఆ చోటు నాళంలో దొరకకపోతే మూతను ఎగరగొట్టుకుని దొరికించుకుంటుంది. అందుకే దేగ్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపకండి. పూరేకలు ఉబ్బి పైకి తేలి నాళం నోటిని మూసేయడం తరచుగా జరిగేదే. మంట పెట్టే ముందు నాళంలో ఊది చూడండి, గాలి అవతలికి రావాలి. మూత చుట్టూ పిండితోనో మట్టితోనో మెత్తడం మంచి ఆచారం, ఒత్తిడి పెరిగితే ముందు అదే ఊడుతుంది. బలంగా ఉంటుందని మూతను బోల్టులతో బిగించకండి, దాని మీద బరువు పెట్టకండి.

నాళం కొన భబ్కాలోని అర్కులో మునిగి ఉండకూడదు. మంట తీయగానే దేగ్ చల్లబడి, చల్లని అర్కును వెనక్కి లాక్కుంటుంది. భబ్కా దగ్గర చుక్కలకు బదులు ఆవిరి పొగలా వస్తుంటే చల్లార్చే నీరు వేడెక్కిందని అర్థం. సెగ తగ్గించి నీరు మార్చండి. దేగ్‌లో నీరు ఇంకిపోయేదాకా కాచకండి. చివరి గ్లాసు కోసం ఆశపడితే రేకలు మాడి సరుకంతా మాడు వాసన వేస్తుంది, గిన్నె అడుగు కూడా పాడవుతుంది. మంట మీద దేగ్ ఉండగా నమాజుకో భోజనానికో వెళ్లాలంటే ఇంకొకరిని కూర్చోబెట్టి వెళ్లండి, లేదా మంట ఆర్పి వెళ్లండి. ఇంటి వంటకిచ్చే సిలిండరును వ్యాపారానికి వాడకండి, అది చట్టవిరుద్ధం. గ్యాసు గాలి కన్నా బరువు కాబట్టి నేలకు దగ్గరగా గాలి పోయే దారి ఉండాలి.

స్పిరిట్

నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. అర్కు నీళ్లే, అది అంటుకోదు. అత్తరును పలచన చేసి స్ప్రే సీసాల్లో నింపాలనుకున్న రోజున స్పిరిట్ డబ్బా గడప దాటి లోపలికి వస్తుంది. శుద్ధమైన ఇథనాల్‌కు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి లేస్తుంది. మే ఎండల మాట అటుంచండి, హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం కూడా అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు. నేల వెంట పాకుతూ పక్క గదిలోని పొయ్యిని చేరుతుంది. మంట నీలంగా, పలచగా ఉండి పగటి వెలుతురులో సరిగా కనిపించదు కూడా.

కాబట్టి బట్టీ ఉన్న గదిలోకి స్పిరిట్ తేకండి. ఆ రోజు పనికి సరిపడా మాత్రమే, వేరే గదిలో, మూత బిగించిన డబ్బాలో ఉంచండి. ఒలికితే తలుపులు తెరవండి. ఫ్యాను స్విచ్ వేయకండి, తిరుగుతున్న ఫ్యాను ఆపకండి, స్విచ్‌లోని నిప్పురవ్వే చాలు. అంటుకుంటే బకెట్ నీళ్లు విసరకండి, మండుతున్న స్పిరిట్ నేలంతా పారుతుంది. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండరు తలుపు పక్కనే ఉండాలి. గది లోపలి మూలన ఉంటే మంటను దాటి వెళ్లి అందుకోవాలి.

బిల్లు లేని స్పిరిట్ కొనకండి. అందులో మిథనాల్ ఉంటే వాసన చూసి పట్టలేరు. అది కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. ఇక అదే దేగ్‌లో సారా దించుదామన్న ఆలోచనే వద్దు. లైసెన్సు లేకుండా మద్యం కాయడం తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అర్కును మందుగా అమ్మాలన్నా 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద తయారీ లైసెన్సు తీసుకోవాలి.

రాగి, కళాయి, పువ్వు

కళాయి అరిగి లోపల ఎర్ర రాగి బయటపడితే ఆ దేగ్‌ను ఆపి మళ్లీ కళాయి వేయించండి. తగరం మాత్రమే వాడమనండి, సీసం కలిసినది వద్దు. నాళం అతుకులకూ ఇదే వర్తిస్తుంది. పాత కారు రేడియేటరును చల్లార్చే గొట్టంగా వాడేవారు ఉంటారు. దాని అతుకుల్లో సీసం ఉండవచ్చు, అది చుక్కచుక్కగా రోగి కడుపులోకి చేరుతుంది. పచ్చ చిలుము కనిపిస్తే చింతపండుతో తోమి, మొదటిసారి ఉత్త నీళ్లతో బట్టీ నడిపి ఆ నీటిని పారబోయండి. దండల కోసం పెంచిన పువ్వుల మీద పురుగుమందులు చల్లి ఉంటారు, తాగే అర్కుకు అవి పనికిరావు.

కాలితే, అంటుకుంటే

ఆవిరి తగిలితే ఉంగరాలు, గాజులు వెంటనే తీసి, కాలిన చోటును 20 నిమిషాలపాటు కుళాయి నీళ్ల కింద ఉంచండి. పసుపు, సిరా, టూత్‌పేస్టు రాయకండి. బొబ్బలు పెద్దవైతే, ముఖం మీద కాలితే 108కి ఫోను చేయండి.

మంట చేయి దాటిందనిపిస్తే సరుకు కోసం ఆగకండి. ముందు పైవాళ్లను లేపండి, తర్వాత 101కి ఫోను చేయండి. ఫైరింజను మీ గల్లీలోకి రాకపోవచ్చు కాబట్టి పెద్ద రోడ్డు మీద ఏ మలుపు దగ్గర ఆగాలో చెప్పండి, ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి. రంజాన్ నెలలో అత్తరు గిరాకీ పెరిగి రాత్రిళ్లు పని సాగుతుంది. ఆ రోజుల్లో గల్లీ మొదట్లో బండ్లు అడ్డంగా నిలపవద్దని ఇరుగుపొరుగుతో ముందే మాట్లాడుకోండి. నిద్ర చాలని మనిషిని మంట దగ్గర కూర్చోబెట్టకండి.