ఖురియాత్ ఎండకి ఏ టీవీ?

మస్కట్ నుంచి సముద్రం వెంట ఆగ్నేయంగా వస్తే మా ఖురియాత్. 2018 జూన్ 26న ఇక్కడ రోజు మొత్తంలో ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు, అర్ధరాత్రి కూడా! చాలా టీవీల మాన్యువల్లో వాడుక పరిమితి 40 డిగ్రీలే. అందుకే ఏ టీవీ కొన్నా వెనక గాలాడే చోటుంచండి. ఆఫీసు నుంచి రాగానే ముందు ఏసీ, గది చల్లబడ్డాకే టీవీ.

ఇక సైజు. సోఫా రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే నా ఓటు 43 అంగుళాలకే. ఆ తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920 చుక్కలు, అంటే ఒక్కోటి అర మిల్లీమీటరు. మామూలు చూపుకి 1.7 మీటర్లు దాటితే అవి విడివిడిగా కనబడవు. కాబట్టి 4కె ముద్ర కోసమే ఎక్కువ పెట్టకండి, ప్యానెల్ చూడండి. చీకట్లో సినిమాలకి వీఏ, అందులో నలుపు నల్లగానే ఉంటుంది. నలుగురు కుర్రాళ్ళు నాలుగు మూలల నుంచి చూసే గదికైతే ఐపీఎస్. చవక టీవీ మీది హెచ్‌డీఆర్ స్టిక్కర్ సంగతంటారా, అంత వెలుతురే ఆ తెరకుండదు.

ఇంటికి పట్టుకెళ్దామనా? 2013 ఆగస్టు 26 నుంచి ఇండియాలో ఫ్లాట్ టీవీకి సుంకం మినహాయింపు ఎత్తేశారు. వెళ్ళేముందు ఇక్కడే అమ్మెయ్యండి.